కరెంటు స్తంభం తేడాగా కనిపిస్తే ఏది మేలు: ఫోనా, యాపా, లైన్‌మనా?

తీగ తెగి నేల మీద పడి ఉంటే ఈ చర్చే అక్కర్లేదు, కరెంటు ఆఫీసుకు ఫోనే. వాళ్ల యాప్ తెరిచి, లాగిన్ అయి, ఫొటో ఎక్కించేలోపు ఎవరైనా దాని మీద కాలు వేయొచ్చు. రవ్వలు రాకపోయినా, చప్పుడు లేకపోయినా అందులో కరెంటు ఉండొచ్చు. ఒకసారి సప్లై పోయినా, దాన్ని ఆపే స్విచ్ (బ్రేకర్) దానంతటదే మళ్లీ ఆన్ అయ్యే ఏర్పాటు కొన్ని లైన్లకు ఉంటుంది. కనీసం 10 మీటర్ల దూరంలో నిలబడి, అటు వచ్చేవాళ్లను ఆపుతూ ఫోన్ చేయాలి. కర్రతో తీగను నెట్టే సాహసం వద్దు, తడి కర్రలోంచి కరెంటు పారుతుంది. స్తంభం తగిలి ఎవరికైనా జివ్వుమన్నా అంతే, వెంటనే ఫోన్.

ఫోన్‌తో చిక్కల్లా అడ్రసు. ‘వీధి చివర స్తంభం’ అంటే అవతలివాళ్లకు ఏం అర్థమవుతుంది? స్తంభం మీద పెయింటుతోనో రేకు మీదో నంబరు ఉంటే దూరం నుంచే చదివి చెప్పండి. కంప్లయింట్ నంబరు అడిగి రాసుకోండి.

నిదానంగా ముదిరే లోపాలకు మాత్రం నా ఓటు యాప్‌కే. ఒరిగిన స్తంభం, తుప్పు తిన్న మొదలు, తీగకు రాసుకుంటున్న కొమ్మ, మూత ఊడిన ఫ్యూజు బాక్సు, ఇలాంటివి మాటల్లో చెప్పడం కంటే ఫొటోలో చూపించడం తేలిక. స్తంభం ఒరగకుండా పైనుంచి నేలలోకి లాగి కట్టే స్టే వైరునే చూడండి. దాని మధ్యలో గుడ్డు ఆకారంలో పింగాణీ ముక్క ఉంటుంది. పైనుంచి దిగే కరెంటు మన చేతికందే చోటికి రాకుండా ఆపేది అదే. అది పగిలినా స్టే తెగదు, రెండు కొసలూ ఒకదానిలో ఒకటి చిక్కుకునే ఉంటాయి. కింద నుంచి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. జూమ్ చేసి తీస్తేనే బండారం బయటపడుతుంది.

కాకపోతే యాప్‌లో ‘పరిష్కరించాం’ అని మెసేజ్ వస్తుంది, కొమ్మ మాత్రం అక్కడే ఊగుతుంటుంది. అప్పుడు మళ్లీ ఫొటో తీసి, పాత నంబరు జతచేసి పెట్టాలి. విసుగే, కానీ రికార్డు మిగులుతుంది.

తెలిసిన లైన్‌మన్‌కు చెబితే పని త్వరగా అవుతుంది. రాతపూర్వకంగా మాత్రం ఏమీ ఉండదు. పైగా మన తొందర చూసి ఆయన సప్లై ఆపించకుండానే స్తంభం ఎక్కితే ఆయన ప్రాణానికే ముప్పు. అందుకే ముందు కంప్లయింట్, తర్వాతే ఆయనకు కబురు. జంపర్ (స్తంభం మీద రెండు తీగలను కలిపే చిన్న తీగ ముక్క) దగ్గర రవ్వలైతే రాత్రి వీడియో తీసి ఉంచుకోండి. పగలు వచ్చి పైకి చూసి ‘ఏమీ లేదు కదండీ’ అంటే చూపించొచ్చు.