తోలు ముక్క చూపించి లెదరెట్ కుట్టారు: కారు సీట్లు వేయించుకునేవారు జాగ్రత్త

సికింద్రాబాద్‌లో మీలో చాలామందికి తెలిసిన ఒక కార్ డెకార్స్ కొట్టు ఉంది. ఫిర్యాదు ఇంకా వేయలేదు కనుక పేరు రాయడం లేదు. కిందటేడు మార్చిలో అక్కడ మా కారు సీట్లన్నిటికీ తోలు కవర్లు కుట్టించి 42,000 రూపాయలు కట్టాను. పద్నాలుగు నెలలకే డ్రైవరు సీటు అంచు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తొడ రాసుకునే చోట, పెచ్చులుగా ఊడిపోయింది. ఊడిన చోట తెల్లటి నేత గుడ్డ బయటపడింది.

తోలు కింద గుడ్డ ఉండదు. తోలు వెనకవైపు నూగులాంటి పీచు ఉంటుంది. నేత దారాలు కనబడ్డాయంటే అది గుడ్డ మీద పాలీయురెథేన్ వంటి ప్లాస్టిక్ పూత పూసిన లెదరెట్, అంటే కృత్రిమ తోలు, ఆ పూత వేడికీ తేమకూ లోనై బలహీనపడి రాలిపోవచ్చు. మా బావగారి కారుకు కంపెనీ వేసిన తోలు సీట్లకు ఎనిమిదేళ్లు నిండాయి. వాటికి ముడతలు పడ్డాయి, రంగు కొంత వెలిసింది, అయినా కూర్చునే చోట ఎక్కడా పెచ్చు లేవలేదు. వాటిని బొటనవేలితో నొక్కితే సన్నని ముడతలు వేలి చుట్టూ పాకి, వేలు తీయగానే మెల్లగా సర్దుకుంటాయి. నా సీటును నొక్కితే గుంట పడుతుందే తప్ప ఆ ముడతలు రావు. మాదాపూర్‌లో ఆఫీసు బయట ఎండలో నిలిపిన కారులో కూర్చున్న ప్రతిసారీ చొక్కా వీపుకు అతుక్కుపోతున్నప్పుడే నేను అనుమానించి ఉండవలసింది.

నిన్న ఉదయం కారు తీసుకుని వెళ్లాను. యజమాని ఊడిన పెచ్చును గోటితో ఇంకాస్త గీకి, "ఎండలో పెడితే ఏ తోలైనా ఇంతే సార్" అన్నాడు. కింద గుడ్డ ఎందుకుందని అడిగితే నా చేతిలోని బిల్లు లాక్కుని, "ప్రీమియం లెదరెట్ అనే రాశాం, చదువుకున్నవాళ్లు చూసుకోవద్దా" అని దాన్ని బల్ల మీదకు విసిరాడు. నిజమే, చిన్న అక్షరాలతో అలాగే ఉంది. నేను అంకె చూసి సంతకం పెట్టాను, ఆ తప్పు నాదే. కానీ నేను ఇంకా అక్కడే నిలబడి ఉండగానే అతను సొరుగులోంచి నాడు నాకు చూపించిన ఆ గోధుమరంగు తోలు ముక్కనే తీసి, అప్పుడే లోపలికి వచ్చిన దంపతుల చేతిలో పెట్టి, "వాసన చూడండమ్మా, అసలు తోలు" అన్నాడు. రాత్రంతా ఆ మాటే చెవుల్లో తిరిగింది. వాళ్లకు అక్కడే చెప్పాను, వాళ్లు వెళ్లిపోయారు.

మీరు వేయించుకునేటట్లయితే చేతిలో పెట్టిన ముక్కను నమ్మకండి, కోయబోయే సరుకునే చూపించమనండి. తోలు ఒక్కో చర్మంగా, వంకర అంచులతో వస్తుంది, చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. చుట్టలోంచి మీటర్ల లెక్కన కోస్తుంటే అది తోలు కాదు. బిల్లు మీద "నిజమైన తోలు" అని రాయించుకోండి. ముందు సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగులు ఉంటే బ్యాగు తెరుచుకునేటప్పుడు ఆ చోట విడిపోయే కుట్టు వేస్తారో లేదో అడగండి, నేను అదీ అడగలేదు. నేను ఊడిన పెచ్చునూ బిల్లునూ ఒక కవరులో పెట్టి ఉంచాను, సోమవారం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తున్నాను. అదే కొట్టులో ఇలాగే జరిగినవారు ఎవరైనా ఉంటే బిల్లు ఫోటో పంపండి, కలిసి ఫిర్యాదు వేద్దాం.