గ్రామర్‌కి మర్ఫీ పుస్తకం చాలు, స్పెల్లింగ్‌కి మాత్రం డిక్టేషన్ ఉండాల్సిందే

పెద్దవాళ్లకు ఇంగ్లిష్ నేర్పే పని నాది. చేతిలో ఎప్పుడూ ఉండేది రేమండ్ మర్ఫీ రాసిన ‘ఇంగ్లిష్ గ్రామర్ ఇన్ యూజ్’. 1985లో తొలిసారి వచ్చింది. నేను వాడేది 2019 నాటి అయిదో ఎడిషన్. 145 యూనిట్లు. ఎడమ పేజీలో వివరణ, కుడి పేజీలో అభ్యాసాలు. రూలు కళ్లెదుట ఉండగానే రాసి చూసుకోవచ్చు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ప్రెజెంట్ పర్ఫెక్ట్ పాఠాలు. ముందు దాన్ని విడిగా చెప్పి, తర్వాత సింపుల్ పాస్ట్ పక్కన పెట్టి తేడా చూపిస్తాడు. నా క్లాసులో నేనూ అదే దారి పట్టాను. ‘ఐ హావ్ క్లీన్డ్ ది రూమ్’ అంటే గది ఇప్పుడు శుభ్రంగా ఉందన్నమాట. చివర ‘ఎస్టర్‌డే’ తగిలించారా, ‘హావ్’ తీసెయ్యాల్సిందే. సూత్రం బట్టీ పట్టిస్తే ఎక్కనిది ఇలా జంటగా చూపిస్తే ఎక్కుతోంది.

ఒకటో యూనిట్ నుంచి వరసగా చదివించకండి, విసుగొచ్చి మానేస్తారు. వెనక స్టడీ గైడ్ ఉంది. అందులో ప్రశ్నలు చేయించి, ఎక్కడ తడబడితే ఆ యూనిట్‌కి పంపండి.

స్పెల్లింగ్‌కి దక్కింది చివర్లో ఆరో అపెండిక్స్ మాత్రమే. ఉన్నంతలో బాగుంది. ‘బిగినింగ్’లో ‘ఎన్’ రెండుసార్లు ఎందుకొస్తుందో, ‘విజిటింగ్’లో ‘టి’ ఒక్కటే ఎందుకో దాంట్లో తేలిపోతుంది: మాటలో ఒత్తు, అంటే పలికేటప్పుడు గట్టిగా నొక్కే చోటు, చివర పడితే అక్షరం రెట్టింపు, ముందు పడితే లేదు. కానీ ఒత్తు చెవితో పట్టుకోవాల్సిన సంగతి, పేజీ చూస్తే వినపడదు. అందుకే నేను రోజూ కాసేపు డిక్టేషన్ చెప్తాను. ‘హోపింగ్’, ‘హాపింగ్’ ఒకదాని వెంట ఒకటి పలుకుతాను. మొదటిదానికి ‘పి’ ఒకటి, రెండోదానికి రెండు. ఆ అచ్చుల తేడా చెవికి అందిన రోజున చెయ్యి దానంతటదే సరిగ్గా రాస్తుంది. పుస్తకాన్ని ఎంత మెచ్చుకున్నా, ఈ పని టీచరు గొంతే చెయ్యాలి.

బొత్తిగా కొత్తవాళ్లకు ఈ పుస్తకం కష్టం. వాళ్లకు అదే రచయిత ‘ఎసెన్షియల్ గ్రామర్ ఇన్ యూజ్’ ఇప్పించండి. సొంతంగా చదువుకునేవాళ్లు జవాబులున్న ప్రతే తీసుకోండి, జవాబులు లేని ముద్రణ కూడా అమ్ముతారు.