చిన్న మిల్లింగ్ మెషిన్‌ని సీఎన్‌సీ చేశాక: పలాస నుంచి వాడకం రివ్యూ

నా చిన్న మిల్లింగ్ మెషిన్‌ని కంప్యూటర్‌తో నడిచేలా, అంటే సీఎన్‌సీగా, మార్చుకున్నాను. చూడ్డానికి ఎవరొచ్చినా ముందు అడిగేది ఒకటే: "ఏ కంట్రోలర్ వేశారు?" కంట్రోలర్ అంటే మోటార్లను నడిపే బోర్డు. నన్నడిగితే అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. పలాసలో జీడిపిక్కలు కోసే మెషిన్లకు బ్రాకెట్లు, బ్లేడు పట్టే ప్లేట్లు కొన్నేళ్ళుగా దీని మీదే చేస్తున్నాను. పని శుభ్రంగా వస్తోందంటే ఆ పుణ్యం స్క్రూలది, స్లైడ్లది. బోర్డుది కాదు.

మెషిన్ బెంచి మీద పెట్టుకునే చైనా రకం. టేబుల్‌ని నడిపే దాని స్క్రూల్లో ప్లే, అంటే వదులు, ఉండేది. హ్యాండిల్ వెనక్కి తిప్పితే కాస్త ఖాళీగా తిరిగాకే టేబుల్ కదిలేది. చేత్తో పనిచేస్తే ఆ ప్లేని మనమే సర్దుకుంటాం, ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొలతకి వస్తాం. కంప్యూటర్‌కి ఆ ఇంగితం ఉండదు. పాత స్క్రూలకే మోటార్లు బిగించి ఒక గుండ్రటి పాకెట్ (గుంట) కొట్టి చూడండి. పైనా కిందా, కుడీ ఎడమా నాలుగు చోట్ల వేలికి తగిలే మెట్టు కనిపిస్తుంది. యాక్సిస్ దిశ మార్చుకునేది అక్కడే మరి. మెషిన్ నడిపే సాఫ్ట్‌వేర్లలో లైనక్స్‌సీఎన్‌సీలో అయితే ఈ ప్లే (బ్యాక్‌లాష్) ఎంతో రాసుకుని సర్దించే వీలుంది, ఆర్డ్యునో ఊనో అనే చిన్న బోర్డు మీద నడిచే మామూలు జీఆర్‌బీఎల్‌లో అదీ లేదు. ఉన్నా క్లైంబ్ మిల్లింగ్‌లో, అంటే కట్టర్ పళ్ళు కదిలే వైపుకే జాబ్‌ని (కోసే ముక్కని) నడిపే కోతలో, పెద్దగా అక్కరకు రాదు. కట్టర్ జాబ్‌ని తనవైపు లాగేస్తుంటే టేబుల్ ఆ సందులో కొట్టుకుంటూనే ఉంటుంది.

అందుకే 16 మి.మీ. లావు, చుట్టుకి 5 మి.మీ. నడిచే బాల్ స్క్రూలు (నట్టులో ఇనుప గోళీలు దొర్లే, ప్లే చాలా తక్కువుండే రకం) వేయించాను. స్క్రూ ఒక చివర, దాని తోపుని తట్టుకునే యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగులు ఎదురెదురుగా బిగించి ప్రీలోడ్ (వదులు లేకుండా ముందే కొంత బిగింపు) ఇవ్వకపోతే ఆ ఖర్చంతా దండగ. స్లైడ్లలో సందు సర్దే పట్టీలు, అంటే గిబ్‌లు, కూడా నీలి రంగు (బ్లూ) రాసి, ఎత్తుగా తగిలిన చోట గీకి సరిచేయాలి. విసుగు పని, కానీ తేడా మొదటి కట్‌లోనే తెలుస్తుంది.

మోటార్లు నేమా 23 సైజు స్టెప్పర్లు, అంటే చిన్న చిన్న స్టెప్పులుగా తిరిగేవి. చుట్టుకి 200 స్టెప్పులు, మోటారుని నడిపే డ్రైవర్‌లో ఎనిమిదో వంతు మైక్రోస్టెప్ పెడితే, అంటే ఒక్కో స్టెప్‌ని ఎనిమిది ముక్కలు చేస్తే 1600, అంటే మి.మీ.కి 320. కాగితం మీద ఒక స్టెప్ 0.003 మి.మీ. పడుతుంది. ఆ అంకె చూసి మురిసిపోకండి, డయల్ గేజ్ (ముల్లుతో కదలిక చూపే కొలత పరికరం) పెడితే అసలు సంగతి తెలుస్తుంది.

మా దగ్గర చెప్పుకోవాల్సింది కరెంటు పోవడం గురించి. పాత స్క్రూ తనంతట తానే బిగిసి ఉండేది. బాల్ స్క్రూ అలా కాదు, మోటారుకి కరెంటు పోయిన క్షణం, కట్టర్ ఉండే హెడ్ బరువుకి స్క్రూయే తిరిగి హెడ్ కిందికి జారిపోతుంది. కట్టర్ జాబ్‌లోకి దిగబడిందంటే రెండూ పోయినట్టే. కంప్యూటర్‌కి ఒక్కదానికే యూపీఎస్ పెట్టి లాభం లేదు. హెడ్‌ని పైకీ కిందికీ నడిపే జెడ్ యాక్సిస్‌కి, కరెంటు పోగానే పట్టేసే బ్రేకున్న మోటారు వేశాను, హెడ్ బరువు మోయడానికి గ్యాస్ స్ప్రింగ్ పెట్టాను. ఈ మార్పిడిలో నేను పెట్టిన అతి మంచి ఖర్చు ఇదే. హోమింగ్ స్విచ్‌లు (మెషిన్ తన మొదటి చోటు గుర్తుపట్టేవి) ఉంటే కరెంటు వచ్చాక హోమ్ చేసుకుని, జీ54 అనే పేరుతో మెషిన్‌లో దాచిన జాబ్ జీరో నుంచి పని మళ్ళీ అందుకోవచ్చు.

తర్వాతి తలనొప్పి స్విచ్‌లు. కట్టర్‌ని తిప్పే స్పిండిల్ మోటారు ఆన్ చేయగానే దాని కరెంటు అలజడికి, ఎవరూ ముట్టుకోని లిమిట్ స్విచ్‌కి (టేబుల్ హద్దు దాటకుండా ఆపేది) అలారం వచ్చేది, పని మధ్యలో ఆగేది. షీల్డ్ ఉన్న కేబుల్ వేసి, స్విచ్‌లను నార్మల్లీ క్లోజ్డ్‌గా (ముట్టుకోనంతవరకు కరెంటు పారేలా) మార్చి, మధ్యలో సిగ్నల్‌ని వెలుగుతో దాటించే ఆప్టో ఐసొలేటర్ పెట్టాక టెన్షన్ తగ్గింది.

కాశీబుగ్గలో నాకు తెలిసిన లేత్ పెద్దాయన ఒకసారి వచ్చి చూసి, "ఏటి బాబూ, హ్యాండిలే నేదు, మెషినేటి ఇది?" అన్నారు. మాట నిజమే. ఒక్క బోల్టు కన్నం వేయాలన్నా ఇప్పుడు కంప్యూటర్ ఆన్ చేయాల్సిందే. చేత్తో తిప్పే పెండెంట్ (చిన్న చక్రమున్న రిమోట్) పెట్టుకున్నా, కట్టర్ ఎంత బలం తీసుకుంటోందో హ్యాండిల్లో తెలిసినట్టు ఇందులో తెలియదు. విడి జాబ్ ఒక్కటి చేయాలంటే ఇప్పటికీ ఆయన దగ్గరికే పంపిస్తాను. అదే ప్లేటు డజన్లకొద్దీ కావాలంటే మాత్రం నా మెషిన్‌దే పైచేయి.

అల్యూమినియం, ఇత్తడి హాయిగా కోస్తుంది. మైల్డ్ స్టీల్ అయితే అరమిల్లీ లోతుకే హెడ్‌ని మోసే కాలమ్ వణుకుతుంది, దానికి ఏ ఎలక్ట్రానిక్సూ మందు కాదు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఉన్నవాళ్ళు స్లైడ్‌వే ఆయిల్ డబ్బా కూడా లెక్కలో వేసుకోండి. వానాకాలం నాలుగు రోజులు మూసిపెడితే బాల్ స్క్రూ మీద ఎర్రటి చుక్కలు వచ్చేస్తాయి.