రియల్ ఎస్టేట్ మెంటార్‌కి లక్ష కట్టాను: ఏడాదిన్నర తర్వాత నా అనుభవం

నా కోపమంతా ఒక్క విషయం మీదే, అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను. క్లాసులు ఎన్ని, వీడియోలు ఎన్ని గంటలు, వాట్సాప్ గ్రూపులో ఎంతమంది ఉంటారు అనేవి ఇలాంటి ప్రతి ప్రకటనలోనూ ఉంటాయి, వాటి జోలికి పోను. భూములు, ప్లాట్లు ఎలా కొనాలో నేర్పే ఒక మెంటార్ దగ్గర నేను చేరింది 2024 మార్చిలో. ఫీజు 85,000, జీఎస్టీతో కలిపి 1,00,300. మస్కట్‌లో నర్సుగా పనిచేస్తున్నాను కాబట్టి నా లెక్కలో అది అటూ ఇటూగా 465 రియాల్స్, నాకు చిన్న డబ్బు కాదు.

ఎందుకు కట్టానో చెబితేనే తర్వాత జరిగింది అర్థమవుతుంది. మా నాన్న లేరు. జగిత్యాల దగ్గర ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటుంది, తమ్ముడు హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తాడు, భూముల సంగతులు వాడికీ తెలియవు. తొమ్మిదేళ్లుగా దాచిన డబ్బు బ్యాంకులో ఉందని తెలిసిన దగ్గర్నుంచి, ఫోన్ చేసిన ప్రతి చుట్టమూ ఏదో ఒక వెంచర్ పేరు చెప్పేవాళ్లే. వాళ్లకి కమిషన్ ఉంటుందని నాకు తెలుసు. ఈ మెంటార్‌కైతే నేనే ఫీజు కడుతున్నాను, ఇక నాకు ప్లాట్ అంటగట్టాల్సిన అవసరం ఈయనకేముంది అనుకున్నాను. నేర్చుకోవడం తర్వాతి సంగతి, ఆ ఒక్క నమ్మకానికే నేను లక్ష కట్టాను.

మొదటి నాలుగైదు నెలలు చాలా బాగున్నాయి, అది దాచను. ఫీజులో మూడు పర్సనల్ కాల్స్ ఉంటాయి, ఒక్కోటి 45 నిమిషాలు. మే నెలలో మొదటి కాల్‌లో, సదాశివపేట వైపు మా మేనమామ చూపించిన 200 గజాల ప్లాట్ కాగితాలు పంపాను, గజం 12,000 చెప్పారు. సార్ స్క్రీన్ షేర్ చేసి, ఆ సర్వే నంబర్‌ని నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో వెతికి చూపించారు. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22ఏ కింద ఉంది, అందులో కొంత అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూమి. అసైన్డ్ భూమిని అమ్మడానికే వీల్లేదని, ఆ చట్టం 1977 నుంచి ఉందని అప్పుడే మొదటిసారి విన్నాను. 24 లక్షలు మిగిలాయని ఆ రోజు అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను. వార్డులో మన తెలుగువాళ్లు ఎవరడిగినా ఈయన పేరే చెప్పాను, ఇద్దరు చేరారు కూడా.

ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపించే సర్టిఫికెట్, చదవడం కూడా అక్కడే వచ్చింది. 1983 నుంచి ఉన్న లావాదేవీలు ఆన్‌లైన్‌లోనే చూసుకోవచ్చని, కానీ రిజిస్టర్ అయినవే అందులో కనిపిస్తాయని, కోర్టు కేసులూ రిజిస్టర్ కాని అగ్రిమెంట్లూ కనిపించవని, కేసుల కోసం కోర్టుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో అమ్మేవాళ్ల పేరుతో విడిగా వెతకాలని చెప్పారు. ఇవన్నీ ఇప్పటికీ పనికొస్తున్నాయి.

కాకపోతే ఇప్పుడు ఆలోచిస్తే ఆ 22ఏ చూడటానికి పట్టేది పది నిమిషాలు, పైసా ఖర్చు లేదు, ఏ లాయరైనా ముందు చూసేది అదే. అప్పుడు అది నాకు మహా విద్యలా కనిపించింది. రెండో కాల్ అంతా ఏ వైపు పెరుగుతుంది, రీజినల్ రింగ్ రోడ్ ఎక్కడ వస్తుంది అనే మాటలతోనే అయిపోయింది, నా నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీలో మూడు లైన్లే ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో భూరికార్డుల పోర్టల్ ధరణి పోయి భూభారతి వచ్చాక కూడా వీడియోలు పాతవే ఉంచారు, కొత్తగా చేరినవాళ్లు ఆ స్క్రీన్లు చూసి తికమకపడ్డారు.

అసలు సంగతి మూడో కాల్. 2024 నవంబర్. నేను ఒక రిజిస్ట్రేషన్ ఖర్చుల లెక్క అడుగుదామని కూర్చుంటే, సార్ ముందే మొదలుపెట్టారు, "సిస్టర్, మీలాంటివాళ్ల కోసమే ఒకటి పక్కన పెట్టాను, బయట ఎవరికీ చెప్పలేదు" అని. జహీరాబాద్ వైపు ఫార్మ్ ప్లాట్, ఐదు గుంటలు, అంటే 605 గజాలు, 11 లక్షలు. జామతోట వాళ్లే పెంచుతారు, మూడేళ్లలో రెట్టింపు. నేను ఒమన్‌లో ఉంటానని చేరేటప్పుడు నింపిన ఫారంలోనే రాశాను, ఆయనకి తెలుసు. "మరి నా పేరు మీద రిజిస్ట్రేషన్ ఎలా సార్" అంటే, "తమ్ముడి పేరు మీద పెట్టేయండి, సొంత తమ్ముడే కదా" అన్నారు. మే నెలలో 24 లక్షలు కాపాడిన మనిషి ఆయన, ఇంకేం ఆలోచిస్తాను. ఆ రాత్రే 50,000 టోకెన్ పంపేశాను.

తర్వాతి ఆదివారం తమ్ముడు వాళ్ల వ్యాన్‌లో సైట్ చూడటానికి వెళ్లాడు. మధ్యాహ్నం భోజనం పెట్టి, బుకింగ్ ఫారం చేతికిచ్చారట. సంతకం పెట్టే ముందు ప్రతి పేజీ ఫొటో తీసి పంపమని నేనే చెప్పాను, అదీ ఈ సార్ క్లాసులో నేర్పిన అలవాటే. నైట్ డ్యూటీలో, రెండు దాటాక కాస్త ఖాళీ దొరికి ఫోన్ చూశాను. ఫారం కింద ఒక గడి, 'ఏజెంట్ కోడ్'. దాంట్లో ముందే టైప్ చేసి ఉన్నది మా మెంటార్ సంస్థ పేరు. నాకు చేతులు చల్లబడ్డాయి. నేను ఫీజు కట్టింది ఏ పని చేయకుండా ఉంటారనుకునో, సరిగ్గా అదే చేశారు, పైగా నాకు చెప్పకుండా.

పొద్దున డ్యూటీ దిగేటప్పుడు నాతో పనిచేసే కేరళ నర్సుకి చెప్పుకున్నాను. తను కమిషన్ మాట పక్కన పెట్టి, "అసలు మనం ఇండియాలో వ్యవసాయ భూమి కొనకూడదు కదా" అంది. నిజమే. విదేశీ మారక ద్రవ్య చట్టం ఫెమా ప్రకారం ఎన్ఆర్ఐలు ఇల్లు, ఫ్లాట్, ఇంటి స్థలం కొనుక్కోవచ్చు, వ్యవసాయ భూమి, తోటలు, ఫార్మ్ హౌస్ కొనడానికి లేదు. వారసత్వంగా వస్తే వేరే సంగతి. తమ్ముడి పేరు మీద అంటారా, డబ్బు నాదైనప్పుడు బినామీ చట్టం మినహాయింపు ఇచ్చేది కాగితంలో నా పేరు కూడా ఉమ్మడిగా ఉంటేనే. నా పేరు పెడితే ఫెమా ఒప్పుకోదు, పెట్టకపోతే బినామీ. ఏడాదికి నాలుగు బ్యాచ్‌లు, ప్రతి బ్యాచ్‌లో మాలాంటి గల్ఫ్ వాళ్లని చేర్చుకునే మనిషికి ఇది తెలియదా? తెలియకపోతే లక్ష ఎందుకు తీసుకున్నట్టు, తెలిసీ చెప్పకపోతే ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది?

కమిషన్ సంగతి ఆయన్నే అడిగాను. "మంచి డీల్ చూపించి కమిషన్ తీసుకుంటే తప్పేముంది మేడమ్" అన్నారు, అంతవరకూ సిస్టర్‌ని, ఆ రోజు మేడమ్‌ని అయ్యాను. కమిషన్ తీసుకోవడం తప్పని నేననలేదు. మా వైపు నా సలహాదారుగా, అటువైపు వాళ్ల ఏజెంట్‌గా రెండు చోట్లా కూర్చుని, రెండో కుర్చీ సంగతి నాకు చెప్పకపోవడం తప్పు. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం రెరాలో సెక్షన్ 3, రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాజెక్టు ప్రకటించకూడదు, అమ్మకూడదు అని, సెక్షన్ 13, అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా పది శాతం మించి తీసుకోకూడదు అని మాకు నేర్పింది ఆయనే. ప్రాజెక్టుల్లో అమ్మకాలు కుదిర్చే ఏజెంట్ కూడా రెరాలో రిజిస్టర్ అవ్వాలని సెక్షన్ 9 చెబుతుంది, రిజిస్టర్ చేయాల్సిన ప్రాజెక్టు రిజిస్టర్ కాకపోతే దాన్ని ఏజెంట్ అమ్మిపెట్టకూడదని సెక్షన్ 10 చెబుతుంది, ఆ రెండూ ఏ క్లాసులోనూ రాలేదు. ఈ కమిషన్ ప్రశ్నే గ్రూపులో మర్యాదగానే పెట్టాను. పది నిమిషాల్లో మెసేజ్ తీసేశారు, ఆ తర్వాత అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చేశారు. టోకెన్ డబ్బు కోసం తమ్ముడు నాలుగు సార్లు తిరిగాడు, రెండు నెలలకి 40,000 వచ్చింది, మిగతా పది వేలు క్యాన్సిలేషన్ ఛార్జీలట.

నేను చేర్పించిన ఆ ఇద్దరిలో ఒకమ్మాయి అప్పటికే అక్కడ ఐదు గుంటలు కొనేసింది, అన్నయ్య పేరు మీద. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ పది వేలు కాదు, ఇది. ఆమెకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, లాయర్‌ని కలవమన్నాను. కొన్ని రోజులు నాతో మాట్లాడలేదు.

చివరికి 2025 ఆగస్టులో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ లేఅవుట్‌లో 150 గజాల రీసేల్ ప్లాట్ కొన్నాను. కాగితాలు సంగారెడ్డిలో ఒక లాయర్ చూశారు, 12,000 తీసుకున్నారు, లింక్ డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల పత్రాలన్నీ తెప్పించి, ఒక దాంట్లో పక్క ప్లాట్ హద్దు తేడాగా ఉందని పట్టుకుని సరిచేయించారు. జీపీఏ, అంటే నా బదులు సంతకం పెట్టే అధికార పత్రం, ఎంబసీలో అటెస్ట్ చేయించి పంపాక, అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంప్ డ్యూటీ కట్టాలని కూడా ఆయనే చెప్పారు, ఏడాదిన్నర క్లాసుల్లో ఆ మాటే రాలేదు. అయితే ఒకటి ఒప్పుకోవాలి, ఆ లాయర్‌ని ఏం అడగాలో నాకు తెలిసింది ఆ మొదటి నాలుగు నెలల క్లాసుల వల్లే. ఏమీ తెలియకుండా వెళ్లి ఉంటే "అంతా క్లియర్ అమ్మా" అనే ఒక్క మాట విని వచ్చేసేదాన్నేమో.

కాబట్టి కట్టాలా వద్దా అంటే, ఊళ్లోనే ఉండి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి స్వయంగా వెళ్లగలిగి, ఇంట్లో భూమి కాగితాలు చూసిన పెద్దవాళ్లు ఉంటే, నాకైతే అవసరం కనిపించదు. నాలాగా దూరంలో ఉండి, ఎవరూ లేక, సున్నా నుంచి మొదలుపెట్టేవాళ్లకి చదువు వరకు ఉపయోగమే, కానీ ఆ చదువుకి పదిహేను వేలు చాలనిపిస్తుంది, లక్ష కాదు. అమ్మే మనిషి, నేర్పే మనిషి ఒక్కరే అయితే పదిహేను వేలు కూడా నేను ఇవ్వను. అందరు మెంటార్లూ ఇంతే అని నేను అనలేను, నేను చూసింది ఒక్కరినే.

పోయిన వారం మా వార్డుకి కొత్తగా వచ్చిన నిజామాబాద్ అమ్మాయి వేరే మెంటార్ ప్రకటన చూపించి చేరనా అక్కా అంది. "మీరు చూపించే వెంచర్ల నుంచి మీకు కమిషన్ వస్తుందా, వస్తే ఎంత, మీ రెరా ఏజెంట్ నంబర్ ఏది" అని వాళ్లకి వాట్సాప్‌లో అడిగి, జవాబు రాతలో తీసుకో అన్నాను. నా ముందే పంపింది. బ్లూ టిక్స్ వచ్చి నాలుగు రోజులైంది, జవాబు ఇంకా రాలేదు, సీట్లు అయిపోతున్నాయని మాత్రం రోజూ మెసేజ్ వస్తోంది.