చిన్నపిల్లలతో బీజింగ్ ప్యాకేజీ కొనేవారికి హెచ్చరిక: ‘షాపింగ్ లేదు’ అన్న మాట కాగితం మీద ఉందో లేదో చూసుకోండి

చిన్నపిల్లలతో బీజింగ్ చూసి రావాలనుకుని, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ట్రావెల్ ఏజెంటు దగ్గర ‘ఫ్యామిలీ ప్యాకేజీ’ కొనబోతున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. మేమిద్దరం, ఐదేళ్ల పాప, మూడేళ్లు నిండని బాబు, మా అత్తగారు కలిసి వెళ్లాం. మా ఫిర్యాదు ఇంకా వినియోగదారుల కమిషన్ ముందు ఉన్నందువల్ల ఏజెంటు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే పద్ధతిలో బీజింగ్ యాత్రలు అమ్మేవారు ఆయన ఒక్కరే కాదు కనుక, పేరు తెలియకపోయినా ఈ పద్ధతి తెలిస్తే మీకు చాలు.

చైనాలోని లోకల్ ఆపరేటరు (ఏజెంటు తరఫున అక్కడ యాత్ర నడిపేవాడు) హోటలు, బస్సు, గైడు, భోజనం, ప్రవేశ టికెట్లకు అయ్యే అసలు ఖర్చు కన్నా తక్కువకే గ్రూపును ఒప్పుకుంటాడు. ఆ లోటును మనల్ని తీసుకువెళ్లే దుకాణాల కమీషన్‌తో పూడ్చుకుంటాడు. గైడుకు వచ్చే రాబడి చాలావరకు మనం ఆ దుకాణాల్లో పెట్టే ఖర్చు మీద, చివర్లో చేతిలో పెట్టే టిప్పు మీద ఆధారపడి ఉంటుంది. పెద్దవాళ్లే ఉన్న గ్రూపుకు దీనివల్ల కొంత డబ్బు, కొంత సమయం పోతాయి. పసిపిల్లలున్న కుటుంబానికి మాత్రం ఉదయాలు పోతాయి. పిల్లలు హుషారుగా ఉండేది పొద్దున్న లేచినప్పటి నుంచి భోజనాల వేళ దాకానే. సరిగ్గా ఆ గంటలన్నీ దుకాణాలకు ఖర్చయిపోయి, చూడాలని వచ్చిన చోటికి చేరేసరికి ఒకరు నిద్రలోనూ ఒకరు ఏడుపులోనూ ఉంటారు.

‘కంపల్సరీ షాపింగ్ ఏమీ ఉండదు మేడమ్’ అని ఏజెంటు ఫోన్లో పలుమార్లు చెప్పాడు. ఆయన పంపిన ఐటినరీలో కూడా షాపింగ్ అన్న పదం ఎక్కడా లేదు. జేడ్ మ్యూజియం, సిల్క్ ప్రదర్శన, టీ సెరిమనీ, సంప్రదాయ చైనా వైద్య కేంద్రం అని మాత్రం ఉంది. ఈ నాలుగూ దుకాణాలే. ప్రభుత్వ మ్యూజియాలు బీజింగ్‌లో చాలానే ఉన్నాయి గానీ, టూర్ బస్సు తలుపు ముందే ఆగి, లోపల ప్రతి వస్తువుకూ ధర చీటీ ఉండి, బయటకు దారి అన్ని కౌంటర్ల మధ్య నుంచే పోయే చోటును మ్యూజియం అనుకోనక్కరలేదు.

చైనా గోడ రోజు ఎలా గడిచిందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ప్యాకేజీల్లో ఎక్కువ గోల్‌మాల్ జరిగేది ఆ రోజే. కేబుల్ కారు ఉంటుంది, పిల్లలకు ఇబ్బంది ఉండదు అని ఏజెంటు చెప్పిన మాట మీద మేము ముతియాన్యూ భాగానికి వెళుతున్నామనుకున్నాం. ఐటినరీలో మాత్రం ‘గ్రేట్ వాల్’ అని మాత్రమే రాసి ఉంది. గోడ ఒక్కటే అయినా బీజింగ్ చుట్టుపక్కల సందర్శకులు వెళ్లే భాగాలు చాలా ఉన్నాయి. వాటి మధ్య తేడా పసిపిల్లల విషయంలో చాలా పెద్దది. నగరానికి ఉత్తరాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న ముతియాన్యూలో పైకి వెళ్లడానికి కేబుల్ కారు, కుర్చీ లిఫ్టు ఉన్నాయి. దిగడానికి కిలోమీటరున్నర పొడవున చిన్న బండి మీద కూర్చుని జారుకుంటూ వచ్చే ట్రాక్ కూడా ఉంది. మమ్మల్ని తీసుకువెళ్లింది జుయోంగ్‌గువాన్‌కు. చరిత్రపరంగా అది గొప్ప కనుమ ద్వారమే, కాదనను. అయితే అక్కడ కేబుల్ కారు లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి, ఒక మెట్టు జానెడు ఎత్తుంటే తర్వాతి మెట్టు మా పాప మోకాలు దాటి ఉంటుంది. ముతియాన్యూ కన్నా అది నగరానికి దగ్గర కావడం, మింగ్ చక్రవర్తుల సమాధుల దారిలోని దుకాణాలకు అనుకూలంగా ఉండడమే ఆపరేటర్లకు దాని మీద ఉన్న మక్కువకు కారణం.

ఉదయం బయలుదేరిన బస్సు ముందుగా జేడ్ (నగలకు వాడే విలువైన రాయి) దుకాణం దగ్గర ఆగింది. ఒక అమ్మాయి మమ్మల్ని చిన్న గదిలో కూర్చోబెట్టి, దారానికి వేలాడదీసిన జేడ్ చేతిగాజును మరో చేతిగాజుతో తట్టి, ఖంగుమన్న ఆ శబ్దమే అసలు జేడ్‌కు గుర్తు అని చెప్పింది. తర్వాత హాల్లోకి తీసుకువెళ్లారు. మా అత్తగారు చూసిన గాజు ధర వేలల్లో మొదలై, మేము ఒక్కో కౌంటరు దాటేకొద్దీ తగ్గుతూ, బయటి తలుపు దగ్గరికి వచ్చేసరికి మొదట చెప్పినదానిలో పదో వంతుకు దిగింది. అంతగా తగ్గించగలిగిన వస్తువు అసలు విలువ ఎంతో మీరే ఊహించండి. మధ్యాహ్న భోజనం ఆ భవనంలోనే పై అంతస్తులో. ‘వెజ్’ అని ముందే చెప్పినా ఉడకబెట్టిన క్యాబేజీ, తెల్ల అన్నం, పుచ్చకాయ ముక్కలు తప్ప పిల్లలు తినగలిగింది ఏమీ రాలేదు. గోడ దగ్గరికి చేరేసరికి మూడు కావస్తోంది, తిరిగి బస్సెక్కడానికి ఇచ్చిన గడువు గంట. బాబును భుజాన వేసుకుని మావారు మొదటి బురుజు దాకా కూడా వెళ్లలేకపోయారు.

వైద్య కేంద్రం విషయంలో వృద్ధులను తీసుకువెళ్లేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. వేడి మూలికల నీళ్ల తొట్టిలో పాదాలు పెట్టించి, ఉచితంగా మసాజ్ చేస్తున్నామని చెప్పి, ఆ సమయంలో తెల్లకోటు వేసుకున్న ‘ప్రొఫెసర్’ ఒకాయన దుబాసీతో వచ్చి నాడి పట్టుకుంటారు, నాలుక చూస్తారు. మా అత్తగారికి మూత్రపిండాలు బలహీనంగా ఉన్నాయని, నెలకు 1,600 యువాన్ల చొప్పున మూడు నెలలు మందు వాడాలని చెప్పారు. యువాను మన డబ్బులో సుమారు 12 రూపాయలు కనుక అది యాభై వేలు దాటే మాట. ఆమె చక్కెర వ్యాధికీ రక్తపోటుకూ మాత్రలు వేసుకుంటున్నారని చెప్పినా, ఆ మాత్రల పేర్లు కూడా అడగకుండానే చీటీ రాశారు. పాదాలు నీళ్లలో ఉన్న మనిషి లేచి వెళ్లిపోలేరన్న సంగతి వాళ్లకు బాగా తెలుసు. మేము కొనలేదు, ఆ తర్వాత గైడు మాతో మాట్లాడిన తీరు మారిపోయింది. టీ దుకాణంలో మాత్రం వేడి నీళ్లు పోయగానే ఉచ్చపోసే మట్టిబొమ్మను చూసి పిల్లలిద్దరూ పడీ పడీ నవ్వారు. మొత్తం దుకాణాల యాత్రలో మాకు దక్కిన లాభం అదొక్కటే.

ఇక ఫర్బిడెన్ సిటీ, అంటే పాత చక్రవర్తుల రాజప్రాసాదం. అక్కడి ప్రవేశం పూర్తిగా పాస్‌పోర్టు వివరాలతో ముందస్తు బుకింగ్ మీద నడుస్తుంది. వారం రోజుల ముందు, బీజింగ్ సమయం రాత్రి 8 గంటలకు, అంటే మనకు సాయంత్రం 5.30కు, టికెట్లు విడుదలవుతాయి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పెద్దలకు 60 యువాన్లు, మిగతా నెలల్లో 40. పద్దెనిమిదేళ్ల లోపు వారికి రుసుము లేదు గానీ, రుసుము లేకపోయినా వాళ్ల పాస్‌పోర్టు నంబరుతోనూ బుకింగ్ ఉండాలి. మా ఏజెంటు తరఫు వాళ్లు ‘పిల్లలకు ఉచితమే కదా’ అని పెద్దల ముగ్గురి పేర్లే నమోదు చేశారు. దక్షిణాన ఉన్న ద్వారం దగ్గర భద్రతా తనిఖీల వరుసలు దాటుకుని, ఎండలో పిల్లలను సముదాయించుకుంటూ వెళ్లాక, స్కానర్ దగ్గర పిల్లల పాస్‌పోర్టులకు బుకింగ్ లేదని తేలింది. ఆ రోజు కోటా అప్పటికే నిండిపోయింది. అక్కడి సిబ్బంది నియమం ప్రకారమే నడుచుకున్నారు, వాళ్ల తప్పేమీ లేదు. అత్తగారిని గ్రూపుతో లోపలికి పంపి మేము నలుగురం బయటే ఉండిపోయాం. లోపలికి వెళ్లినవారు ఉత్తర ద్వారం నుంచి బయటకు వస్తారు కనుక, దాదాపు కిలోమీటరు పొడవున్న ఆ ప్రాకారాన్ని చుట్టుకుని నడిచి వెళ్లి ఆమెను కలుసుకోవలసి వచ్చింది. దీని మీద ఏజెంటు ఇచ్చిన జవాబు: ‘పిల్లలకు టికెట్ డబ్బు మేము తీసుకోలేదు కదా.’ గైడుకు, డ్రైవరుకు ఇవ్వాల్సిన టిప్పు మాత్రం మూడేళ్లు నిండని బాబుకు కూడా లెక్కగట్టి వసూలు చేశారు.

కాబట్టి అడ్వాన్సు కట్టకముందే ఏజెంటు నుంచి ఈమెయిల్లో జవాబు తెప్పించుకోండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ చాలదు. గోడలో ఏ భాగం, అక్కడ ఉండే సమయం ఎన్ని గంటలు, కేబుల్ కారు టికెట్ ప్యాకేజీ ధరలో కలిసి ఉందా. ఫర్బిడెన్ సిటీకి పిల్లల పేర్లతో సహా బుకింగ్ కాపీ ఎప్పుడు పంపుతారు, ఆ రోజు సోమవారం కాదు కదా (పండుగ సెలవులు తప్ప సోమవారాల్లో అది మూసి ఉంటుంది). ఆగే ప్రతి దుకాణం పేరు, అక్కడ గడిపే సమయం, దిగకుండా బస్సులోనే ఉండిపోతే అదనపు రుసుము ఏమైనా అడుగుతారా. టిప్పు పసిపిల్లలకూ వర్తిస్తుందా. వీటికి ‘అక్కడికి వెళ్లాక అన్నీ చూసుకుంటాం’ అని జవాబు వస్తే ఆ ప్యాకేజీ వదిలేయండి. అక్టోబరు 1 నుంచి మొదలయ్యే వాళ్ల జాతీయ సెలవుల వారంలో తక్కువ ధరకు ఇస్తామన్నా ఒప్పుకోకండి. ఆ రద్దీలో స్ట్రోలర్ నెట్టుకుని వెళ్లడం అయ్యే పని కాదు.

నా అభిప్రాయం అడిగితే, ఏజెంటు దగ్గర వీసా, విమానం, హోటలు వరకే తీసుకుని, నగరంలో తిరగడం మీరే చూసుకోవడం మేలు. గోడలోని బాదాలింగ్ భాగానికి 2019 డిసెంబరు చివర్లో హైస్పీడ్ రైలు మార్గం మొదలైంది. నగరంలో ఎక్కితే అరగంట అటూ ఇటూగా గోడ దగ్గరి స్టేషన్‌లో దిగుతారు. అక్కడ ఫోన్‌తో డబ్బు చెల్లించే యాప్ అలీపేలో మన వీసా కార్డులు, మాస్టర్‌కార్డులను జోడించుకోవచ్చు. బయలుదేరే ముందే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలను ఆన్ చేసుకోండి. అక్కడి వైఫై మీద గూగుల్, వాట్సాప్ పనిచేయవు; మన సిమ్ రోమింగ్ మీద పనిచేస్తాయి. చాలా పబ్లిక్ మరుగుదొడ్లలో కాగితం ఉండదు కనుక టిష్యూలు వెంట ఉంచుకోండి. తియానన్‌మెన్, వాంగ్‌ఫుజింగ్ ప్రాంతాల్లో ఇంగ్లీషు మాట్లాడే యువతీయువకులు పిల్లలను ముద్దుచేస్తూ వచ్చి టీ తాగుదాం రమ్మంటే నవ్వి ముందుకు సాగిపోండి. ఆ టీ బిల్లు వందల్లో కాదు, వేల యువాన్లలో వచ్చిన ఉదంతాలు పాతవే. హూటోంగ్ సందుల్లో రిక్షా ఎక్కేముందు ధరను కాగితం మీద రాయించుకోండి, అది మనిషికా మొత్తానికా అన్నది కూడా.

ఇప్పటికే మోసపోయి తిరిగి వచ్చినవారికి కొన్ని దారులు ఉన్నాయి. 2013 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన చైనా పర్యాటక చట్టంలోని 35వ నిబంధన, అసమంజసంగా తక్కువ ధరకు గ్రూపులను ఆకర్షించి దుకాణాల కమీషన్‌తో లాభం పొందడాన్ని నిషేధిస్తుంది. అలా కొనిపించిన వస్తువులను వాపసు చేయించి డబ్బు ముందుగా తామే చెల్లించమని, యాత్ర ముగిసిన 30 రోజుల లోపు ట్రావెల్ సంస్థను అడిగే హక్కు పర్యాటకుడికి ఉంది. మా గ్రూపులోని గుంటూరు దంపతులు తాము కొన్న గాజు విషయంలో ఈ నిబంధనను ఉటంకిస్తూ ఈమెయిల్ పంపాక, బేరాలాడి బేరాలాడి చివరికి ట్రావెల్ సంస్థ డబ్బులో ఎక్కువ భాగం తిరిగి ఇచ్చింది. అక్కడ ఉండగానే అయితే స్థానిక ప్రభుత్వ హాట్‌లైన్ 12345 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. ఇంటికి వచ్చాక మన దగ్గర జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఏజెంటు ఆఫీసు ఎక్కడ ఉన్నా మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. ‘లోకల్ ఆపరేటరు తప్పు, మాది కాదు’ అని మా ఏజెంటు రాసి పంపాడు. డబ్బు తీసుకుని రసీదు ఇచ్చింది తనే కనుక ఆ వాదన మీద మా వకీలు పెద్దగా దిగులు పడడం లేదు.

దీనికంతటికీ రసీదే ఆధారం. విదేశీ టూర్ ప్యాకేజీ మీద ఏజెంటు టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) వసూలు చేయాలి, అది మీ ఆదాయపు పన్ను ఖాతాలో కనిపించాలి. టీసీఎస్ తప్పిస్తాను, సగం నగదుగా ఇవ్వండి అనే ఏజెంటు మీకు పన్ను మిగల్చడం లేదు, రేపు కమిషన్ ముందు చూపించాల్సిన కాగితాన్ని మీ చేతికి రాకుండా చేస్తున్నాడు. దుకాణాల బిల్లులు, గైడు ఇచ్చిన మారిన షెడ్యూలు, ప్రతి చోటా బస్సు దిగినప్పుడు, ఎక్కినప్పుడు సమయం కనిపించేలా తీసిన ఫొటోలు దాచుకోండి. మా కేసులో గోడ దగ్గర గంటే గడిపామని నిరూపించింది పాప కోసం తీసిన ఫొటోలే.