లొంగని మూర్ఛకు క్లోబజామా, లామోట్రిజినా?

సరిగ్గా ఎంచిన రెండు మందులు తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. అప్పటికే వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు వేసుకుంటున్నవారికి క్లోబజామ్, లామోట్రిజిన్ మందుల్లో ఒకటి తోడు చేర్చడం మామూలే.

క్లోబజామ్ బలం దాని వేగం. పెద్దలకు రాత్రిపూట 5 లేదా 10 మి.గ్రా.తో మొదలుపెడితే కొద్ది రోజుల్లోనే తేడా తెలియవచ్చు. లెనాక్స్-గాస్టాట్ అనే తీవ్రమైన బాల్య మూర్ఛ ఉన్న పిల్లల్ని ఉన్నట్టుండి కుప్పకూల్చే ఫిట్స్‌కు బాగా పనికొస్తుంది. మగత, చొంగ, చిరాకు దీని ఇబ్బందులు. కొందరిలో నెలలు గడిచేకొద్దీ పట్టు సడలుతుంది. హఠాత్తుగా మానేస్తే మాత్రం ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి ముంచుకురావచ్చు.

లామోట్రిజిన్‌తో మగత తక్కువ, కానీ తొందర పనికిరాదు. వాల్‌ప్రోయేట్ దాన్ని ఒంట్లో ఎక్కువ సేపు నిలిపి ఉంచుతుంది. అందుకే పెద్దలకు మొదటి 2 వారాలు రోజు విడిచి రోజు 25 మి.గ్రా., తర్వాతి 2 వారాలు రోజూ 25 మి.గ్రా. త్వరగా పెంచితే ప్రాణాంతకమైన దద్దుర్ల ముప్పు పెరుగుతుంది. దద్దుర్లతో పాటు జ్వరం, నోట్లో పుండ్లు వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వరసగా కొన్ని రోజులు మాత్ర తప్పితే డాక్టరును అడగకుండా పాత మోతాదు అందుకోకూడదు.

పసితనంలోనే మొదలయ్యే తీవ్రమైన మూర్ఛ అయిన డ్రావె సిండ్రోమ్‌లో లామోట్రిజిన్ ఫిట్స్‌ను పెంచగలదు. అక్కడ క్లోబజామే మేలు. చదువుకు, ఉద్యోగానికి మగత అడ్డొస్తుంటే, మోతాదు నెమ్మదిగా పెంచేదాకా ఆగే వ్యవధి ఉంటే, లామోట్రిజిన్ వైపే మొగ్గాలి.