సైకాలజీనా, ఎంఎస్‌డబ్ల్యూనా: సోషల్ వర్క్‌లోకి వెళ్లాలంటే ఏది మేలు?

విజయవాడ, గుంటూరు ఇళ్లలో పిల్లలు "జనంతో పనిచేసే ఉద్యోగం చేస్తాను" అంటే పెద్దలు ముందు కంగారుపడతారు, తర్వాత ఓ మెట్టు దిగి "పోనీ సైకాలజీ చదువు" అంటారు. ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) పేరెత్తితే మాత్రం "అది చదివి ఎన్జీవోల చుట్టూ తిరుగుతావా?" అన్న మాట తప్పదు. సైకాలజీకున్న గ్లామర్ దీనికి లేదు మరి. కానీ వెళ్లాల్సింది సోషల్ వర్క్‌లోకే అయితే నేను చెప్పే వరస ఇది: డిగ్రీలో సైకాలజీ, పీజీలో ఎంఎస్‌డబ్ల్యూ.

ఎందుకో తెలియాలంటే సిలబస్‌లు తిరగేయడం కన్నా విజయవాడ రైల్వే స్టేషన్ సంగతి చూడటం మేలు. అంత పెద్ద జంక్షన్ కాబట్టి ఇల్లొదిలి రైలెక్కిన పిల్లలు అక్కడ దిగుతూనే ఉంటారు. అలా దొరికిన పిల్లాణ్ని ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలని 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం చెబుతుంది. ఆపైన 15 రోజుల్లో సామాజిక విచారణ పూర్తి కావాలి. దానికో ఫారం ఉంది. పిల్లాడి అలవాట్లేమిటి, స్నేహితులెవరు, ఇల్లు ఎందుకు వదిలాడు అని అడుగుతుంది. ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం సంపాదిస్తున్నారు, ఒకరితో ఒకరు ఎలా ఉంటారు అనీ అడుగుతుంది.

మొదటి సగం సైకాలజీ చదివినవాళ్లు చక్కగా రాస్తారు. "ఇంటికి పోను" అని పిల్లాడు మొండికేస్తే అది భయమో, అలకో, ఎవరైనా నేర్పి పంపిన మాటో పట్టుకోగలరు. రెండో సగం గదిలో కూర్చుంటే రాదు. ఆ ఊరెళ్లాలి. పక్కింటివాళ్లను కదిలించాలి, తండ్రి తాగుడు సంగతి తల్లి నోట రాబట్టాలి, హెడ్‌మాస్టరును కలవాలి, రేషన్ కార్డు ఉందో లేదో చూడాలి. ఇంటికి పంపితే మళ్లీ పారిపోకుండా ఏం చేయాలో చెప్పగలిగేది ఇదంతా తిరిగిన మనిషే. ఎంఎస్‌డబ్ల్యూలో మామూలుగా వారానికి రెండు రోజులు ఫీల్డ్ వర్క్ పెట్టేది ఇందుకే. (మన మే నెల ఎండలో ఆ తిరుగుడు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అది పడదనుకుంటే ఇక్కడే ఆగి సైకాలజీ వైపు వెళ్లిపోవచ్చు, తప్పేం లేదు.)

ఎంఎస్‌డబ్ల్యూలో లోటు లేదా అంటే ఉంది. కేస్ వర్క్, గ్రూప్ వర్క్, కమ్యూనిటీ ఆర్గనైజేషన్, వెల్ఫేర్ అడ్మినిస్ట్రేషన్ అంటూ నడిచే ఆ రెండేళ్లలో మనిషి ప్రవర్తన మీద లోతుగా చదివే వీలు తక్కువ. అందుకే కొత్తవాళ్లు ఎదుటి మనిషి చెప్పేది పూర్తిగా వినకముందే ఏదో ఒక స్కీము దరఖాస్తు తీస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు నష్టపరిహారం జాబితాలోకి పేరెక్కించడం ఒక పని. వాన చప్పుడుకే ఉలిక్కిపడి లేచే మనిషి దగ్గర కూర్చోవడం ఇంకో పని. ఆ రెండోది డిగ్రీలో సైకాలజీ చదివినవాళ్లకు కొంత సులువు. మేజర్‌గా దొరకకపోతే మైనర్‌గానైనా తీసుకోండి.

ఉద్యోగాల దగ్గరికొస్తే, కౌన్సెలర్ పోస్టులకు చాలాచోట్ల సైకాలజీ వాళ్లు, ఎంఎస్‌డబ్ల్యూ వాళ్లు ఇద్దరూ అర్హులే. జిల్లా బాలల పరిరక్షణ విభాగాల్లో అంతే, హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల్లో అంతే. ఎక్కువగా కాంట్రాక్టు కొలువులు, జీతాలు అంతంతమాత్రం. వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హతగల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని 2025 జూలైలో, విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది. కార్పొరేట్ కాలేజీలకు పేరుపడ్డ విజయవాడకు ఇది చిన్న విషయం కాదు.

అసలు తేడా ఆసుపత్రి గుమ్మం దగ్గర తెలుస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే సైకాలజీ పీజీ, దానిపైన రెండేళ్ల ఎంఫిల్ ఉండాలి, లేదా భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన క్లినికల్ సైకాలజీ అర్హత ఉండాలి. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కావాలంటే మామూలుగా సోషల్ వర్క్ పీజీ, దానిపైన ఎంఫిల్. ఒకదాని పీజీతో రెండోదానిలోకి దూరడం కుదరదు. ఎంఫిల్‌ను యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) ఎత్తేసినా ఈ రెండింటికి 2025-26 దాకా సడలింపు ఇచ్చింది. కాబట్టి ఇప్పుడు చేరేవాళ్లు తర్వాతి నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండాలి. క్లినికల్ సైకాలజిస్టు కావాలని గట్టిగా ఉంటే మాత్రం నా వరస పక్కనపెట్టి పీజీ కూడా సైకాలజీలోనే చేయండి.

"ఉద్యోగం చేసుకుంటూ డిస్టెన్స్‌లో సైకాలజీ కట్టేద్దాం" అన్న పాత దారి ఇప్పుడు మూసుకుపోయింది. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో సైకాలజీ కొత్త అడ్మిషన్లు వద్దని యూజీసీ ఆపేసింది.

మన దగ్గర ఎంఎస్‌డబ్ల్యూకి నాగార్జున యూనివర్సిటీ ఉంది, రెండు ఊళ్ల నుంచీ బస్సులో వెళ్లొచ్చు. ఏ డిగ్రీ వాళ్లకైనా ఎంఎస్‌డబ్ల్యూలో సాధారణంగా చోటుంటుంది. సైకాలజీ పీజీకి డిగ్రీలోనూ అదే సబ్జెక్టు ఉండాలనే చోట్లున్నాయి. ఫీల్డ్‌కి కొదవ లేదు: 1969లో మొదలైన వాసవ్య మహిళా మండలి, 1989 నుంచి వీధి పిల్లలతో పనిచేస్తున్న నవజీవన్ బాలభవన్ విజయవాడలోనే ఉన్నాయి, గుంటూరులో పెద్దాసుపత్రి ఉంది. ఎక్కడ చేరినా ముందు సీనియర్లను అడగండి: ఫీల్డ్ వర్క్ నిజంగా వారానికి ఎన్ని రోజులు జరుగుతోంది, ఏ సంస్థలకు పంపుతున్నారు, రాసిన రికార్డు చదివి తప్పులు చెప్పే మేడమో సారో ఉన్నారా, లేక సంతకం పెట్టి ఇచ్చేస్తున్నారా అని.